అంజలై అరగదీసిన నంబరు

అంజలై మా షాపులో చేరింది వెల్డింగు చెయ్యడానికి కాదు, మేం చేసిన వెల్డింగును అరగదీయడానికి. తిరుచ్చి పక్కన తువాకుడి షాపుల్లో గ్రైండరు ఆడవాళ్ల చేతికి, వెల్డింగు టార్చి మగవాళ్ల చేతికి. ఎవరు పంచారో తెలియదు. నేను పనిలోకి వచ్చేసరికే అలా పంచేసి ఉంది.

నేను ఫిట్టర్ని. పైపునీ వంపు ముక్క బెండునీ ఎదురెదురుగా ఆన్చి, ఏటవాలుగా కోసిన అంచులు రెండూ ఒక గీత మీదికి వచ్చేలా సరిచూసి, మధ్యలో కడ్డీ మందం సందు వదిలి, అవి కదలకుండా అక్కడక్కడ చుక్కల్లాంటి ట్యాకులు వేసి పక్కకు తప్పుకుంటాను. తర్వాత వెల్డరు వచ్చి కూర్చుంటాడు. పైపుల పనిలో పేరంతా వెల్డరుదే.

అతుకు ప్రాణమంతా మొదటి వరసలో ఉంటుంది. దాన్ని రూట్ అంటాం. వేసేది పైపు బయటినుంచే, కానీ కరిగిన లోహం లోపలివైపుకి చొచ్చుకుపోయి అక్కడ చుట్టూ సన్నటి కట్టలా నిలవాలి. ఎక్కువైతే లోపలికి కారి వేలాడుతుంది. తక్కువైతే అంచు అతక్కుండా మిగులుతుంది. లోపల ఏం జరిగిందో వేసినవాడికి కూడా కనిపించదు. ఎక్స్‌రే ఫిల్ము వచ్చాకే తెలుస్తుంది. ఫిల్ములో తప్పు పడితే ఆ చోటును గ్రైండరుతో తవ్వి, తప్పు బయటపడేదాకా అరగదీసే పని అంజలైది. ఏళ్ల తరబడి ఆమె చూసిందంతా మా తప్పులే. ఏ వెల్డరు చెయ్యి ఎక్కడ తడబడుతుందో ఆమెకు తెలుసు. తెలిసింది దాచుకునే మనిషి కూడా కాదు.

"ఖాజా అన్నా, నీ అతుకు అడుగున ఎప్పుడూ గాలి బుడగే. పైపు కిందికి చేరేసరికి నీకు ఆకలేస్తుందా ఏంటి?" అనేది అందరిముందూ. ఖాజా మొయిద్దీన్ మాస్కు దించేసుకుని వినపడనట్టు కూర్చునేవాడు.

మా షాపులో పెద్ద వెల్డరు అరుళప్పన్. అందరికీ మామ. ఊళ్లో బాయిలర్ల పని మొదలైన కాలం నుంచీ చెయ్యి తిరిగినవాడు. పరీక్ష పాసైన ప్రతి వెల్డరుకీ ఒక నంబరు ఇస్తారు. అతుకు పూర్తయ్యాక దాని పక్కనే ఆ నంబరును ఉక్కు పంచితో సుత్తి దెబ్బ వేసి కొడతాం. ఆ పైపు ఎక్కడికి పోయినా ఆ అంకె దాంతోపాటే పోతుంది. రేపు ఆవిరి ఒత్తిడికి అతుకు పగిలితే అది ఎవరి చేతిదో అంకే చెబుతుంది. మామ నంబరు ఏడు. తిరుచ్చిలో ఏడో నంబరు చూసి ఇన్‌స్పెక్టర్లు టార్చిలైటు ఆర్పేసి ముందుకు పోయిన రోజులున్నాయి.

మామ కళ్లలో శుక్లాలు కమ్ముతున్నాయని మొదట కనిపెట్టింది అంజలై. తవ్వేటప్పుడు అతని తప్పులు ఎప్పుడూ లేని చోట దొరకడం మొదలైంది. ఈ ఒక్క సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. కానీ మామకు అర్థమైంది, ఆమెకు తెలిసిపోయిందని. ఒకరోజు మధ్యాహ్నం అన్నం గిన్నెలు తెరిచే వేళ ఆమెను పిలిచాడు. నేను పక్కనే ఉన్నాను.

"అంజలై, ఎప్పుడైనా టార్చి పట్టుకున్నావా?"

"మీరు తినడానికి పోయినప్పుడల్లా పట్టుకున్నాను మామా. తుక్కు పైపుల మీద."

"తెలుసులే. తుక్కు డబ్బాలో ఆ ముక్కలు చూశాను."

"ఎలా ఉన్నాయి?"

"సిగ్గు లేకుండా ఉన్నాయి. ఇలా రా, చిటికెనవేలు ఎక్కడ ఆన్చాలో చూపిస్తాను."

అలా మొదలైంది. చిటికెనవేలు పైపు మీద ఆన్చి మణికట్టును ఊయలలా ఎలా కదపాలో చూపించాడు. పైపు అడుగుకి పోయేటప్పుడు ఏ కాలు ముందుకు చాపితే చెయ్యి ఆగకుండా పోతుందో చూపించాడు. మంట ముందు చిన్న తాళంచెవి రంధ్రంలా తెరుచుకుంటుంది, దాన్ని మూసుకుపోనివ్వకుండా, పెద్దదవనివ్వకుండా ముందుకు తోసుకుంటూ పోవాలని చెప్పాడు. ఆమె గ్రైండరు పట్టి కాయలు కాసిన చేతులతో ఆ పని అందుకుంది. కొన్నాళ్లకు మామ ఒక రూట్ ఆమెకిచ్చి, "ఇవాళ్టికి ఇది నువ్వు వెయ్యి" అన్నాడు. తర్వాత "ఇవాళ్టికి" అనడం మానేశాడు. ఆమె వేసేది, నేను పక్కన ఏడు కొట్టేవాణ్ణి. మొదలాళి, అంటే షాపు యజమాని వైదిలింగానికి ఇదంతా తెలుసు. పని సాగుతోంది, ఫిల్ములు శుభ్రంగా వస్తున్నాయి. ఆయన గదిలోంచి బయటికి చూసినప్పుడు చూపు ఆమె వైపు పోకుండా జాగ్రత్తపడేవాడు.

ఆ సంవత్సరం ఒక పేపరు మిల్లుకు ఆవిరి పైపుల పని వచ్చింది. పైపు, బెండు, మూడు దారుల టీ, చివర బిగించే ఫ్లాంజి కలిపి అతికిన పెద్ద పెద్ద ముక్కలు తయారుచేసి పంపితే, వాళ్లు అక్కడ బిగించుకుంటారు. మొదటి విడత వెళ్లింది. ఆయుధపూజ నాటికి మిల్లు నుంచి కబురొచ్చింది, ఒక్క అతుకు కూడా తప్పలేదని.

ఆయుధపూజ రోజు మిషన్లన్నిటికీ విభూది పట్టెలు వేసి, షట్టరుకు అరటిపిలకలు కట్టి, గుమ్మడికాయ కొట్టాక మొదలాళి ఒక శాలువా తెప్పించి మామ భుజాల మీద కప్పాడు.

"ఒక్క రిపేరు లేదంటప్పా. ఇదీ మగాడి చెయ్యంటే" అన్నాడు.

అందరం చప్పట్లు కొట్టాం. అంజలై అప్పుడు కాగితం పొట్లాల్లో బొరుగులూ శనగలూ బెల్లంముక్కా వేసి పంచుతోంది. ఆమె చెయ్యి ఆగింది. మామ ఆమె వైపు చూడలేదు. శాలువా అంచు సర్దుకుంటూ నేల చూశాడు. ఆమె మళ్లీ పొట్లాలు పంచింది. నాకిచ్చిన పొట్లంలో శనగలే లేవు.

అందరూ పోయాక ఆమె గుమ్మడికాయ ముక్కలు ఊడుస్తూ మొదలాళి గది ముందు ఆగింది.

"మొదలాళీ, నాకు పరీక్ష పెట్టించండి."

"ఏం పరీక్ష?"

"వెల్డరు పరీక్ష. నాకొక నంబరు కావాలి."

ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. చంటిపిల్ల ఏనుగు కొనిపెట్టమంటే పెద్దవాళ్లు నవ్వే నవ్వు.

"నంబరేం చేసుకుంటావమ్మా, మెళ్లో కట్టుకుంటావా?"

"పైపు మీద కొడతాను."

"కొడుతూనే ఉన్నాంగా."

"అది మామ నంబరు."

"మీ మామదే కదా, పరాయివాళ్లదా? చూడు, లిస్టులో ఆడమనిషి పేరు కనిపిస్తే మిల్లువాడు ప్రతి అతుకునూ రెండుసార్లు ఫిల్ము తియ్యమంటాడు."

"తియ్యనీండి."

"అంజలై, టార్చి పట్టుకోవాలని సరదాపడ్డావు, పట్టుకోనిచ్చాను. ఇంకా ఎందుకు కెలుకుతావు?"

"పట్టుకోనిచ్చింది మీరు కాదు మొదలాళీ, మామ కళ్లు."

ఆయన ముఖం మాడింది. "రేపటినుంచి మాట్లాడకుండా పని చేసుకో" అని లోపలికి పోయాడు. ఆమె చీపురు గోడకు ఆనించి, ఇంటికి పోయే వాళవందాన్ కోట బస్సుకు నడిచింది.

తర్వాత నోరెత్తలేదు. రెండో విడత పని మొదలైంది. మామ మొదట్లో కొన్ని తనే వేశాడు, తర్వాత చేతకాక ఆమెకిచ్చాడు. ఆమె వేసింది, నేను ఏడు కొట్టాను. సద్దుమణిగిందని అందరం అనుకున్నాం.

మిల్లు తరఫున పని చూసి ముద్రవేసే ఇన్‌స్పెక్టరు కదిరేశన్ వచ్చే రోజు, నేను షాపుకు చేరేసరికి లోపలినుంచి గ్రైండరు మోత వినిపిస్తోంది. స్టాండ్ల మీద పైపు ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. అంజలై తలకు తుండు చుట్టుకుని, ఒక్కో అతుకు పక్కనా వంగి నిప్పురవ్వలు లేపుతోంది. ఆమె దాటి వచ్చిన చోటల్లా నాలుగువేళ్ల మేర ఇనుము తళతళ మెరుస్తోంది. ఏడు లేదు. దాని కింద సుద్దముక్కతో, బడి మానేసిన నాటి అక్షరాలతో రాసి ఉంది: అంజలై.

"ఏం చేస్తున్నావే?" అన్నాను.

"కనిపించడం లేదా అన్నా? ఏడులు తీసేస్తున్నాను."

"ఇవాళ సారు వస్తున్నాడు."

"అందుకే ఇవాళ."

ఒక బెండు దగ్గరికి వచ్చి ఆగింది. గ్రైండరు ఆపి ఆ అతుకును కాసేపు చూసింది. "దీన్ని ముట్టుకోను. రూట్ దగ్గరనుంచి మామే వేశాడు. బాగా వేశాడు కూడా" అని, దాన్ని దాటి తర్వాతిదానికి పోయింది.

మామ వచ్చాడు. మోత విని దగ్గరికొచ్చాడు గానీ కళ్లకు ఏమీ ఆనలేదు. చేత్తో తడిమాడు. అంకె ఉండాల్సిన చోట నున్నగా తగిలింది. మరో అతుకు తడిమాడు, ఇంకోటి తడిమాడు.

"నా అన్నం మీద గ్రైండరు పెట్టావు కదే."

"మీ అన్నం మీద కాదు మామా. మీరు నా పేరు మీద కూర్చున్నారు, లెమ్మంటున్నాను."

"నేర్పింది నేను."

"అవును. ఎవరడిగినా ఆ మాట చెబుతాను, మైకు ఇస్తే మైకులో చెబుతాను. కానీ మీరు నా గురించి ఒక్కసారైనా చెప్పారా? ఆ శాలువా కప్పినరోజు ఒక్క మాట అంటే చాలు, నేను ఇవాళ ఈ పని చేసేదాన్ని కాదు."

మామ తన మాస్కు, చేతి తొడుగులు, అన్నం గిన్నె తీసుకుని గేటు వైపు నడిచాడు. గేటు దగ్గర గడప కనిపించక తట్టుకుని, నిలదొక్కుకుని వెళ్లిపోయాడు. అంజలై అతన్ని చూస్తూ నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుండు అంచుతో ఒత్తుకుని మళ్లీ వంగింది.

మొదలాళి వచ్చేసరికి ఆమె పని అయిపోయింది. ఆయన వరసంతా ఒకసారి నడిచి వచ్చి, పంచిల పెట్టె తెరిచి ఏడు తీసి నా చేతిలో పెట్టాడు.

"కొట్టు. అన్నిటికీ కొట్టు. సారు రావడానికి ఇంకా టైముంది."

సుత్తి అందుకున్నాను. నా ఇంట్లో తినే నోళ్లు గుర్తొచ్చాయి. మెరుస్తున్న చోట పంచి ఆన్చాను. అంజలై వచ్చి నా ఎదురుగా నిలబడి గ్రైండరు స్విచ్చి వేసింది.

"కొట్టన్నా. నువ్వు కొట్టేకొద్దీ నేను తీసేస్తాను. సారు వచ్చేదాకా ఇద్దరికీ పనే."

ఆమె ముఖంలో కోపం లేదు. పందెం కాసినదాని మాదిరి నా వైపే చూస్తోంది. నేను పంచిని పెట్టెలో పెట్టేశాను.

"మొదలాళీ, మళ్లీ మళ్లీ అరగదీస్తే పైపు గోడ పలచబడుతుంది. పైపే పనికిరాకుండా పోతుంది" అన్నాను.

అది సాకే. నిజం చెప్పే ధైర్యం నాకు అంతవరకే వచ్చింది. మొదలాళి ఖాజా వైపు చూశాడు. ఖాజా అప్పటికే మాస్కు దించేసుకున్నాడు.

కదిరేశన్ బక్కపలచటి మనిషి. తన టీ ఫ్లాస్కు తనే తెచ్చుకుంటాడు, చూడవచ్చిన షాపులో నీళ్లు కూడా ముట్టడు. వరస మొదట్లోనే ఆగి కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"ఎవరీ అంజలై?"

"నేను సార్."

"మీరు గ్రైండరు కదా?"

"గ్రైండరునే. ఈ అతుకులు వేసింది కూడా నేనే. నంబరు లేదు కాబట్టి పేరు రాశాను."

మొదలాళి అడ్డం వచ్చాడు. "సార్, ఫిల్ములన్నీ మీ దగ్గరే ఉన్నాయి. ఒక్కటీ తప్పలేదు."

"ఫిల్ము అతుకు ఎలా ఉందో చెబుతుంది. వేసింది ఎవరో నేను అడగాలి" అన్నాడు కదిరేశన్. తర్వాత ఆమె వైపు తిరిగాడు. ఆయన గొంతులో మెచ్చుకోలూ లేదు, కసీ లేదు. "పరీక్ష పాసవని చెయ్యి వేసిన అతుకు, ఎంత బాగున్నా, నేను ముద్ర వెయ్యను. అన్నీ కొయ్యాలి. తెలుసా మీకు?"

"తెలుసు సార్. నేనే కోస్తాను."

"మొదటి విడతలోనూ ఉన్నాయా?"

మొదలాళి ముఖం పాలిపోయింది. అంజలై తలకు చుట్టిన తుండు విప్పింది. "ఉన్నాయి సార్. ఏవేవో చూపిస్తాను. అవి కూడా తెప్పించండి."

వెళ్లిపోయిన సరుకు వెనక్కి రావడమంటే ఏమిటో అందరికీ తెలుసు. కదిరేశన్ పెన్ను తీశాడు. అప్పుడామె అంది, "సార్, ఒక్కటి అడుగుతాను. నేను పరీక్ష రాయాలంటే ఏం చెయ్యాలి?"

"షాపు అడగాలి. అడిగితే నేను నిలబడి చూస్తాను. అడక్కపోతే నాకు సంబంధం లేదు."

"నా షాపు అడగదు" అన్నాడు మొదలాళి. "నువ్వు ఇంటికి పో అంజలై. రేపటినుంచి రావద్దు."

"కోసేసి పోతాను మొదలాళీ. నేను వేసినవి ఇంకొకరు కొయ్యకూడదు."

మరుసటి రోజూ వచ్చింది. ఆయన వాచ్‌మన్‌తో ఆపించాలనుకున్నాడు గానీ, కొయ్యడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. ఎంత కోపమున్నా కొయ్యక తప్పదు. అంజలై ఒక్కతే కటింగు చక్రం బిగించుకుని మొదలుపెట్టింది. మావాళ్లు గొణిగారు. చేసిన పనంతా మళ్లీ చెయ్యాలి. కోసిన చోట పొడుగు తగ్గుతుంది, పైపు ముక్కలు మార్చాలి, అంచులు మళ్లీ తియ్యాలి, నేను మళ్లీ ఆన్చి సరిచూసి ఫిట్టప్ పెట్టాలి. "దీని రోషానికి మా నడుములు పోతున్నాయి" అని ఖాజా ఆమెకు వినపడేలాగే అన్నాడు.

"నీ నడుము ఎప్పుడో పోయింది అన్నా, నేను ఫిల్ములో చూశాను" అంది ఆమె తలెత్తకుండా.

మొదటి అతుకు తెగి బెండు విడిపోయి స్టాండు మీద ఒరిగింది. చక్రం అతుకు అంచు వెంబడి పోయింది కాబట్టి లోపలి రూట్ బయటపడింది. నేను వంగి చూశాను. నా వృత్తిలో అతుకును లోపలినుంచి చూసే అవకాశం దాదాపు రాదు. సన్నటి కట్ట, చుట్టూ ఒకే ఎత్తు, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా ఉంది. వేలు పెట్టి చుట్టూ తిప్పాను. ఎక్కడా తట్టలేదు.

నా వెనక ఇంకొకరు వచ్చి వేలు పెట్టారు. తర్వాత ఇంకొకరు. అన్నం గంట కొట్టినా ఖాజా కదల్లేదు. మాస్కు తల మీదికి తోసుకుని, తెగిన బెండును రెండు చేతులా ఎత్తి వెలుతురుకు పట్టి, లోపలికి వేలు పోనిచ్చాడు. అడుగుభాగం దగ్గర వేలు చాలాసేపు ఆగింది.

"కింద కూడా ఇలాగే వచ్చిందా?" అన్నాడు మెల్లగా.

"ఎడమకాలు ముందుకు చాపన్నా. నువ్వు కుడికాలు చాపుతావు, అక్కడ చెయ్యి ఆగుతుంది. నాకు మామ చెప్పాడు."

ఆ పూట నుంచి గొణుగుడు తగ్గింది. పోయిందని చెప్పను.

మొదలాళి బయటినుంచి వెల్డరును తెప్పించడానికి చాలా తిరిగాడు. ఆ రోజుల్లో చెయ్యి తిరిగినవాళ్లంతా గల్ఫుకో, రిఫైనరీ పనులకో పోయారు. వచ్చిన ఒకడు రెండు అతుకులు వేసి, రెండూ ఫిల్ములో తప్పడంతో చెప్పకుండా పోయాడు. ఖాజా ఒక్కడితో అయ్యే పని కాదు. మొదటి విడత ముక్కలు కూడా మిల్లు నుంచి తిరిగొచ్చాయి, వాటి వెనకే ఫోన్ల మీద ఫోన్లు. అంజలై కోత చివరికొచ్చిన రోజు ఆయన బయటికి వచ్చి, తెగిన ముక్కల గుట్ట ముందు నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, ఆయన కూడా ఒక ముక్కలో వేలు పెట్టాడు.

"కదిరేశన్‌కు ఫోన్ చేశాను" అన్నాడు. "పరీక్షలో తప్పితే మళ్లీ నా గడప తొక్కవద్దు."

"పాసైతే?" అంది ఆమె.

"అయితే చూద్దాం."

"చూద్దాం కాదు మొదలాళీ. పాసైతే నంబరు నాది, వెల్డరు పని నాది. గ్రైండరు పీట మీద కూర్చోను. ఇప్పుడే చెప్పండి, లేకపోతే పరీక్షకు రాను. ఈ గుట్ట మీరే అతికించుకోండి."

ఆయన పళ్లు నూరాడు. సరే అన్నాడు.

పరీక్షకు పైపును నలభై అయిదు డిగ్రీల వాలులో బిగిస్తారు. బిగించాక దాన్ని కదపకూడదు, తిప్పకూడదు. మనిషే చుట్టూ తిరగాలి. పైన వేసేటప్పుడు లోహం జారుతుంది, కింద వేసేటప్పుడు ముఖం మీదికి కారుతుంది, పక్కన వేసేటప్పుడు ఒకవైపుకి ఒరుగుతుంది. ఆ స్టాండు మగవాళ్ల ఎత్తుకు చేసింది. అంజలై పొట్టిది.

"సార్, స్టాండు కొంచెం దించవచ్చా?" అని నేనడిగాను.

"వాలు మారకుండా ఎత్తు దించుకోవచ్చు" అన్నాడు కదిరేశన్.

"వద్దన్నా" అంది అంజలై. "రేపు పనిలో పైపు నా ఎత్తు చూసుకుని వస్తుందా?" ఒక ఇనప పెట్టె లాక్కుని దాని మీదికెక్కి, చిటికెనవేలు ఆన్చి మాస్కు దించుకుంది.

అందరం పనులు ఆపి చూశాం. పైన అయ్యాక పెట్టె దిగింది, పక్కకు ఒక మోకాలి మీద కూర్చుంది, అడుగు భాగానికి నేల మీద వెల్లకిలా పడుకుంది. చీర మీద తొడుక్కున్న మగవాళ్ల చొక్కా చేతుల మీద నిప్పురవ్వలు పడి రంధ్రాలు పడుతున్నా చెయ్యి ఆగలేదు. రూట్ అయ్యాక మాస్కు ఎత్తి నీళ్లు తాగి, మిగతా వరసలు ఒకదాని మీద ఒకటి నింపుకుంటూ వచ్చింది.

చల్లారాక ఆ పైపులోంచి నాలుగు బద్దలు కోశారు. ఒక్కో బద్దను ప్రెస్సులో పెట్టి అతుకు దగ్గర గుర్రపునాడాలా వంచుతారు. అతుకులో ఎక్కడ లోపం ఉన్నా వంపు మీద నోరు తెరుచుకుంటుంది. మొదటిది వంగింది, నున్నగా ఉంది. రెండోదీ అంతే. మూడో దాని మీద చిన్న చీలిక కనిపించింది. మొదలాళి ఊపిరి బిగబట్టాడు, సంతోషంతోనో భయంతోనో ఆయనకే తెలియదు. కదిరేశన్ స్కేలు తీసి, భూతద్దం పెట్టి కొలిచాడు.

"మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. ఇది ఒకటిన్నర" అన్నాడు. నాలుగోది వంచాడు. ఏమీ లేదు. "పాస్" అని సంతకం పెట్టి, ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకున్నాడు.

మొదలాళి పంచిల పెట్టె తెచ్చాడు. "అరుళప్పన్ పని మానేసి పోయాడు కాబట్టి ఏడు ఖాళీగా ఉంది. మంచి నంబరు. తీసుకో."

"అది మామది. ఆయన ఉన్నా పోయినా ఆయనదే. నాకు వేరేది ఇవ్వండి."

పంతొమ్మిది ఇచ్చారు. మళ్లీ అతికే పని మొదలైంది.

ఆ మధ్యలో ఒకరోజు మామ వచ్చాడు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, నల్ల కళ్లజోడు పెట్టుకున్నాడు. బీరువాలో మిగిలిన తన ఆకురాళ్లు తీసుకుపోవడానికి వచ్చానన్నాడు. అవి తీసుకున్నాక కూడా కాసేపు అక్కడే తచ్చాడాడు. తర్వాత అంజలై వేస్తున్న అతుకు దగ్గరికి వచ్చి, కళ్లజోడు పైకెత్తి వంగి చూశాడు.

"పై వరస కొంచెం ఎత్తుగా వేస్తున్నావు."

"మీ కన్ను కొత్తది కదా మామా, అన్నీ ఎత్తుగానే కనిపిస్తాయి."

మామ నవ్వలేదు. "రెండో కంటికి వచ్చే నెల. అది కూడా అయ్యాక వచ్చి చూస్తాను. అప్పుడు కూడా ఎత్తుగా ఉంటే ఊరుకోను" అన్నాడు. ఆకురాళ్ల సంచీ భుజాన వేసుకుని వెళ్లాడు. వాళ్లిద్దరి మధ్య అంతకుమించి క్షమాపణలేవీ జరగలేదు. తర్వాత అతను వేరే షాపులో కొత్తవాళ్లకు పని నేర్పడానికి చేరాడని విన్నాం.

ఫిల్ములు వచ్చాయి. పంతొమ్మిది నంబరు అతుకులన్నిటిలోకీ ఒక్కదానిలో, టీ దగ్గర, సన్నటి నల్లగీత. అంచు ఒకచోట అతకలేదు. మొదలాళి ఆ ఫిల్మును దీపం పెట్టె మీద చూసి, నన్నూ ఆమెనూ గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"సారు ఇంకా చూడలేదు. మొదటిసారే పంతొమ్మిదికి రిపేరు అని రాయిస్తే ఏం బాగుంటుంది? ఖాజాకు ఎలాగూ రిపేర్లున్నాయి. ఇది కూడా అతని ఖాతాలో పోనీ. నీ మంచికే చెబుతున్నాను."

నిజంగానే ఆమె మంచికే చెప్పాడు. ఆయనకు తెలిసిన మంచి అదే.

"నా మంచి అతుకులు మామకు ఇచ్చారు. ఇప్పుడు నా చెడ్డది ఖాజా అన్నకు ఇస్తారా?" అంది అంజలై. "పంతొమ్మిది అనే రాయండి మొదలాళీ. మంచివి నావైనప్పుడు ఇదీ నాదే. దీన్ని కూడా ఎవరికీ ఇవ్వను."

ఆయన పంతొమ్మిది అనే రాశాడు.

ఆ గీత ఉన్న చోటును ఆమే గుర్తుపెట్టుకుని, ఆమే తవ్వింది. తప్పు బయటపడగానే అందరినీ పిలిచి చూపించింది, ఇతరుల తప్పులు చూపించినట్టే. పూడ్చి మళ్లీ వేసింది. రెండో ఫిల్ము శుభ్రంగా వచ్చింది. కదిరేశన్ ముద్ర వేశాడు. లారీ వచ్చి పైపులన్నీ ఎక్కించుకుని పోయింది.

లారీ సందు మలుపు తిరగకముందే నేను తర్వాతి పనికి ఫిట్టప్ పెట్టి ఆమెను పిలిచాను. అంజలై వచ్చి వంగి చూసి, సందులోకి కడ్డీ పెట్టి ఆడించింది.

"ఎక్కువైంది. విప్పి మళ్లీ పెట్టు" అంది.

వెల్డర్లంతా ఫిట్టర్లతో అలాగే మాట్లాడతారు. విప్పి మళ్లీ పెట్టాను.